పోర్ట్ రషీద్‌ల ఆగిన క్యూఈ2 ముచ్చట

దుబాయ్‌ల పోర్ట్ రషీద్ కాడ కదలకుండ నిలబడ్డ పెద్ద షిప్పు క్యూఈ2ని (క్వీన్ ఎలిజబెత్ 2) మనోళ్ళు చానా మంది చూసే ఉంటరు, కానీ అది యుద్ధానికి పోయొచ్చిన షిప్పని ఎక్కువ మందికి తెల్వదు. నేను ఈడ ఏసీ మెయింటెనెన్స్ పని చేస్త, ఒక సెలవు రోజు మా రూమ్‌ల ఉండే నేపాలీ సెక్యూరిటీ గార్డ్‌తోని కలిసి టూర్ టికెట్ తీస్కొని లోపలికి పోయిన, అప్పటి సంది దీని గురించి ఏడ దొరికితే ఆడ చదువుతున్న.

1969 మే నుంచి సౌతాంప్టన్, న్యూయార్క్ మధ్యన పాసింజర్లను తిప్పిన షిప్పు ఇది. 1982ల దక్షిణ అట్లాంటిక్ సముద్రంల ఉన్న ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్‌కు అర్జెంటీనాకు యుద్ధం మొదలైనంక బ్రిటన్ సర్కారు దీన్ని సైన్యానికి తీస్కున్నది. పది రోజులు కూడా టైం లేదు, అంతల్నే వెనక స్విమ్మింగ్ పూల్స్ ఉన్న కాడ పై భాగం కోసి హెలికాప్టర్లు దిగెటందుకు డెక్కు కట్టిన్రు, ముంగట ఇంకోటి కట్టిన్రు, ఖరీదైన సామానంత ఒడ్డుకు దించిన్రు, బూట్లకు కార్పెట్లు ఖరాబ్ కాకుండ పైన హార్డ్‌బోర్డు పరిచిన్రు. ఇదంత చేసింది మనలాంటి ఫిట్టర్లు, వెల్డర్లే కదా.

మే 12న బయల్దేరెటప్పుడు ఇంజిన్లకు ఆవిరి ఇచ్చే మూడు బాయిలర్లల్ల ఒక్కటే నడుస్తుండె. ఒడ్డు మీద బ్యాండు మోగుతుంది, జనం జెండాలు ఊపుతున్నరు, ఇగ ఆపుడెట్ల? ఆ ఒక్కదాని మీదనే బయటికి తీసి, జనం కంటికి ఆనని కాడ ఆపి రిపేర్ చేసుకున్నరు. ప్లాంట్ రూమ్‌ల పని చేసినోళ్ళకు ఆ టెన్షన్ ఏందో ఎర్కే.

షిప్పు ఎక్కిన సుమారు 3,000 మంది సైనికులల్ల బ్రిటిష్ సైన్యంల పనిచేసే నేపాలీ గూర్ఖాలు కూడా ఉన్నరని తెల్వంగనే మా నేపాలీ అన్న ఆడనే ఆగిపోయిండు. సముద్రమే లేని దేశపోళ్ళు, ఇంకో దేశం కొలువు కోసం అంత దూరం పోయిన్రు. వాళ్ళ ఊర్ల ఇప్పటికీ బ్రిటిష్ పెన్షన్ తీస్కునే ముసలోళ్ళు ఉన్నరట, ఆళ్ళ గురించే చానా సేపు చెప్పిండు. షిప్పుల వంటోళ్ళు, వెయిటర్లు కూడా మేం వస్తమని ముందుకొచ్చినోళ్ళే. రాత్రిళ్ళు కిటికీలకు నల్లగ కప్పి, శత్రువు కనిపెట్టొద్దని రాడార్ బంద్ చేసి, మంచుగడ్డలు తేలే నీళ్ళల్ల నడిపిన్రంటే ఎంత గుండె ధైర్యం కావాలె చెప్పున్రి.

ఇంత పేరున్న షిప్పు మునిగితే దేశం పరువే పోతదని యుద్ధం కాడిదాక పంపలే, ఫాక్‌లాండ్స్‌కు దూరంగ ఉన్న సౌత్ జార్జియా దీవి కాడ సైనికులను క్యాన్‌బెర్రా, నార్లాండ్ షిప్పులల్లకు ఎక్కించిన్రు. యుద్ధంల మునిగిపోయిన ఆర్డెంట్, యాంటిలోప్, కోవెంట్రీ అనే బ్రిటిష్ యుద్ధ నౌకల నుంచి బతికిబయటపడ్డోళ్ళను ఎక్కించుకొని జూన్ 11న సౌతాంప్టన్ చేరింది.

మల్ల రిపేర్లు చేసి పాసింజర్లకే పెట్టిన్రు. 1986-87ల జర్మనీల ఆవిరి ఇంజిన్లు తీసేసి తొమ్మిది డీజిల్ ఇంజిన్లు పెట్టిన్రు. 2008 నవంబర్‌ల దుబాయ్ వచ్చింది, దాదాపు పదేండ్లు ఊకెనే ఉండి 2018ల హోటల్ అయింది.

రూమ్ కిరాయి మనకు భారమే గానీ లాబీ పక్కన పాత సామాను, ఫోటోలు పెట్టిన ఎగ్జిబిషన్ ఉన్నది, టూర్ కూడా ఉన్నది. పోయినోళ్ళు గైడ్‌ను 1982 గురించి గట్టిగ అడగున్రి, ముఖ్యంగ ఆ బాయిలర్ల ముచ్చట.