డ్రెస్డెన్‌ల నల్లా నీళ్లు

మాల్ ఊరు దాటి ఇబ్రహీంపట్నం దిక్కు వస్తుంటే అమ్మ మూడోసారి అడిగింది, "నెయ్యి సీసా పెట్టినవా?" అని. పెట్టిన. కానీ శంషాబాద్‌ల దిగినంక దాన్ని తీసి మళ్ల నాయిన చేతికే ఇచ్చిన. బయటి దేశాల నుంచి యూరప్‌కు పాలు, నెయ్యి, మాంసం తేవద్దని రూలున్నది. నేను చదువుకు పోతున్న జర్మనీ ఊరు డ్రెస్డెన్‌ల ఉన్న సీనియర్ అన్న వారం కిందనే చెప్పిండు, అమ్మకు చెప్పే ధైర్యమే నాకు రాలే. నాయిన ఆ సీసాను ఏం చేయాల్నో తెల్వక షర్టు జేబుల పెట్టబోయి, అది పట్టక, చేతుల పట్టుకొనే గాజు తలుపు అవతల నిలబడ్డడు. ఇల్లు విడిచి పోవుడు నాకు కొత్త కాదు. నల్లగొండల హాస్టల్, ఆ తర్వాత హైదరాబాద్‌ల ఇంజినీరింగ్. అయితే ఎక్కడికి పోయినా ఊరోళ్లో, చుట్టాలో ఎవరో ఒకరు ముందే అక్కడుండేది.

మాది మర్రిగూడ మండలం. పేపర్ చదివేటోళ్లకు ఆ పేరు తెలుసు. ఫ్లోరైడ్ వార్తల్ల వచ్చే వంకర కాళ్ల ఫొటోలు మా దిక్కువే. మా నాయినమ్మ ఆ ఫొటోలల్ల ఎన్నడూ పడలేదు గానీ, పడాల్సిన మనిషే. నడుము వంగింది, మెడ తిరగదు. వెనకనుంచి ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తది. సర్కారు మిషన్ భగీరథ నల్లా వచ్చినంక కూడా మా ఇంట్ల ఎవరికీ పూర్తి నమ్మకం కుదరలే. నాయిన ఇప్పటికీ బండి మీద ప్లాంటు నీళ్ల డబ్బా తెస్తడు. నేను నీళ్ల చదువే ఎందుకు ఎంచుకున్ననో వేరే చెప్పే పని లేదు. డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీల ఇంగ్లిష్‌ల చెప్పే మాస్టర్స్‌కు సీటొచ్చింది. వీసా కావాలంటే ఏడాది ఖర్చు 10,332 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌ల, అంటే నెలకింత అనే తీసుకోనిచ్చే ఖాతాల, వేసి చూపెట్టాలె. 2022ల లెక్క అది, మన పైసలల్ల ఎనిమిది లక్షల పైమాట. రెండెకరాలు బ్యాంకుల కుదువ పడ్డది.

అక్టోబర్ 1, శనివారం. ఫ్రాంక్‌ఫర్ట్‌ల దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఇమిగ్రేషన్‌ల కూసున్నాయన రెండే ప్రశ్నలడిగి ముద్ర గుద్దిండు. నెల రోజులు అద్దం ముంగట నేర్చుకున్న జవాబులన్నీ కడుపులనే ఉండిపోయినయి. దాహమైతుంటే మెషీన్‌ల ఒక నీళ్ల సీసా కొన్న. ఒక్క గుక్క పోసుకున్ననో లేదో ముక్కుల్నుంచి బయటికొచ్చింది. చక్కెర, ఉప్పు లేని గోలీసోడా! సాదా నీళ్లు కావాలంటే సీసా మీద 'స్టిల్' అన్న మాట వెతుక్కోవాలె అన్న ముచ్చట తర్వాత తెలిసింది. మూడు యూరోల పైన పెట్టిన, పారబొయ్య మనసొప్పలే. మూత తీసి, గ్యాసు పొయ్యేదాక సీసాను ఊపుకుంట ప్లాట్‌ఫాం మీద కూసున్న. చూసినోళ్లు ఏమనుకున్నరో.

రైల్ల ఇంకొకటి. నాకు మన మెడికల్ షాపుల దొరికే నీలం మాస్కు ఉన్నది. దూరం పొయ్యే రైళ్లల్ల తెల్లది, ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కే ఉండాలని సరిగ్గ ఆ రోజు నుంచే కరోనా రూలు మారిందట. టికెట్ చూసేటాయన జర్మన్‌ల ఏందో చెప్పిండు. నాకు అర్థమైంది 'మాస్కె' అన్న ఒక్క మాట. పక్క సీటు పెద్దమ్మ తన బ్యాగుల నుంచి కొత్తది తీసి ఇచ్చింది. 'డాంకె' అని నేర్చుకున్న మాట ఆ తొందరల నోటికి రాక "శుక్రియా" అన్న. ఆమె తలూపి మళ్ల పుస్తకంల పడ్డది.

రైలు గంటన్నర ఆలస్యం. డ్రెస్డెన్‌ల దిగేసరికి రాత్రి పదిన్నర. సీనియర్ అన్నది మంచిర్యాల. శని, ఆదివారాలు హాస్టల్ తాళాలు ఇయ్యరు. నేను సంతకం పెట్టి పంపిన కాగితం చూపెట్టి శుక్రవారమే తీస్కొని పెట్టిండు. గోదాముల నైట్ డ్యూటీకి పోవాల్నట, పసుపు రంగు ట్రామ్ ఎక్కిచ్చి, రూముల సామాను దించి, గడప కాన్నుంచే మాట్లాడిండు.

"చెల్లె, రేపు ఆదివారం, షాపులన్నీ బంద్. ఎల్లుండి అక్టోబర్ 3, రెండు జర్మనీలు ఒకటైన రోజు. అప్పుడూ బంద్. బియ్యం ఉన్నయా?"

లేవు. సకినాలున్నయి, పల్లికారం ఉన్నది, చింతపండున్నది. అన్న తన సంచిల నుంచి సగం బ్రెడ్డు, నాలుగు గుడ్లు తీసి టేబుల్ మీద పెట్టిండు.

"నీళ్లెక్కడ అన్నా?"

వంటింటి నల్లా చూపెట్టిండు. "అవ్వే తాగు," అని పోయిండు.

ఆ వంటిల్లు ఆరుగురికి ఒక్కటే. ఎవరో విడిచిపెట్టిన గిన్నె కడిగి, నల్లా నీళ్లు పట్టి, పదిహేను నిమిషాలు మరగబెట్టిన. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకింత చిక్కబడుతది. ఆ సంగతి నేనే బీటెక్‌ల పరీక్షల రాసి మార్కులు తెచ్చుకున్న. డ్రెస్డెన్ నీళ్లల్ల కొన్ని కొండల డ్యాముల నుంచి, కొన్ని ఎల్బె నది ఒడ్డున ఇసుకల వడిసి వస్తయని, ఆ ఒడ్డున మొదటి వాటర్‌వర్క్స్ 1875లనే కట్టిండ్రని అప్లికేషన్‌ల రాసింది కూడా నేనే. రాసుడు వేరు, గొంతు దిగుడు వేరు. ఆ మరిగిన నీళ్లు చల్లారేలోపే నిద్ర పట్టింది. తెల్లారి చూస్తే గిన్నె అంచుకు తెల్లగ సున్నం. ఇంక తాగితే ఒట్టు.

ఆదివారం పొద్దున కిటికీ తెరుద్దామని పిడిని పైకి తిప్పితే కిటికీ పై భాగం మొత్తం నా మీదికి ఒరిగింది. విరగ్గొట్టిన, రూముకు కట్టిన డిపాజిట్ పోయిందనుకొని రెండు చేతులతో దాన్ని పట్టుకొని పది నిమిషాలు నిలబడ్డ. ఇక్కడి కిటికీలు రెండు తీర్ల తెరుచుకుంటయట. గాలి కోసం పైనుంచి ఒరిగేది ఒక తీరు.

బయట కర్ఫ్యూ లెక్క. మా ఊర్ల మనిషి పోయిన నాడు కూడా గింత సప్పుడు లేకుండ ఉండదు. పెద్ద స్టేషన్ లోపలి దుకాణాలు ఆదివారం కూడా తెరిచే ఉంటయట. అన్నకు ఆ రాత్రి తొందరల అది యాదికి రాలే, నాకు తెల్వదు. సకినాలు కొరికితే సప్పుడు పక్క రూముకు ఇనపడ్తదేమోనని నోట్లనే నానబెట్టుకొని తిన్న. ఇంటికి ఫోన్ చేస్తే ఏడుస్తనని చెయ్యలే, "సిగ్నల్ సక్కగ లేదు" అని మెసేజ్ పెట్టిన. దాహం మాత్రం ఆగలే. సగం మిగిలిన గ్యాసు నీళ్లే గుక్క గుక్క తాగుకుంట పండుకున్న.

రెండు గంటలప్పుడు వంటింట్ల నుంచి ఎల్లిగడ్డ, మిరపపొడి వేగిన వాసన. లేచి పోకుండ ఉండలేకపోయిన. ఒక పిల్ల, నా ఈడుదే, శనగపిండిని ఎర్రగ, చిక్కగ ఉడకబెడుతున్నది. షిరో అంటరట. ఇథియోపియా నుంచి మూడు వారాల కింద వచ్చింది, నా కోర్సే. నవ్వేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆ చెయ్యి నాకు తెలుసు. మా మండలంల ఆడపిల్లలు ఫొటో దిగేటప్పుడు అడ్డం పెట్టుకునేది ఆ చెయ్యే. నవ్వు ఆగి చెయ్యి దించినప్పుడు చూసిన, పండ్ల మీద అడ్డంగ గోధుమరంగు గారలు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పండ్లు.

నేను ఏం అడగలే. అడిగితే ఏమనుకుంటదో.

"ఇండియాల ఎక్కడ?" అన్నది.

"హైదరాబాద్." ఎవరడిగినా అందరం చెప్పే అబద్ధమే.

"సిటీల్నేనా?"

"కాదు. దగ్గర్ల ఒక జిల్లా. నల్గొండ అని, నీకు తెల్వదు."

గరిటె గిన్నెలనే విడిచిపెట్టి నా దిక్కు తిరిగింది. "నల్గొండ? నల్గొండ టెక్నిక్, ఆ నల్గొండనా? అది ఊరి పేరా?"

నాగ్‌పూర్‌ల ఉన్న 'నీరి' అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లల్ల తయారుజేసిన పద్ధతి అది. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి తిప్పి, పేరుకున్నంక పైనీళ్లు తీసుకుంటే ఫ్లోరైడ్ తగ్గుతది. మా సిలబస్‌ల ఐదు మార్కుల ప్రశ్న. ఇథియోపియాల రిఫ్ట్ వ్యాలీ అనే లోయ దిక్కు కూడా దాన్ని వాడిండ్రని ఎక్కడో చదివిన, కానీ అక్కడి మనిషి నోట మా జిల్లా పేరు వస్తదని అనుకోలే. వాళ్ల బడి కాడ ఉన్న నీళ్ల ట్యాంకును ఊరోళ్లు 'నల్గొండ' అనే పిలిచేటోళ్లట. "పొయ్యి నల్గొండ కాడ నీళ్లు పట్టుకరా" అని వాళ్లమ్మ పంపేదట. అది ఏ మందు పేరో, ఏ కంపెనీ పేరో అనుకున్నదట ఇన్నేండ్లు. తర్వాత పటిక సరిగ్గ రాక, అడుగున పేరిన బురద ఎత్తిపోసేటోళ్లు లేక ట్యాంకు మూలకు పడ్డది. ఆ ముచ్చట ఇంటుంటే మా దిక్కు స్కీములే యాదికొచ్చినయి.

ఫోన్‌ల మ్యాపు తెరిచి మర్రిగూడ చూపెట్టిన. వేళ్లతోని పెద్దగ జేసి, చెరువు కోసం వెతికింది. "నీళ్లేవి?" అన్నది. అదే కదా కథ అన్న. ఇద్దరం నవ్వినం, ఈసారి చెయ్యి అడ్డం రాలే. తర్వాత ఆమె గ్లాసు తీసి నల్లా కింద పట్టి, గటగట తాగి, అదే గ్లాసు కడిగి నింపి నా ముందు పెట్టింది. "నాకు వారం పట్టింది," అన్నది. నాకు అంత పట్టలే. చల్లటి నీళ్లు, ఏ రుచీ లేదు. మా బోరు నీళ్లకు ఒక రుచి ఉండేది. అది లేకపోతే ఏదో తక్కువైనట్టనిపించింది, ఎవరికి చెప్పినా నవ్వుతరు.

సోమవారం సద్దుల బతుకమ్మ. ఊర్ల సాయంత్రం ఏడంటే ఇక్కడ మూడున్నర. రూముల కూసొని చూడబుద్ధి కాక ఇద్దరం ఎల్బె ఒడ్డుకు నడిచినం. ఊరి నడుమల నదికి అటూ ఇటూ పెద్ద పెద్ద గడ్డి మైదానాలు, ఇండ్లు కట్టకుండ విడిచిపెట్టినయి. నది పొంగితే నిండనీకి. 2002 ఆగస్టుల ఈ నది నీటిమట్టం 9.40 మీటర్ల దాక లేచింది. అదే ఒడ్డున ఇప్పుడు పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుండ్రు. వీళ్లకు నీళ్లు ఎక్కువై చదువు, మాకు సక్కటి నీళ్లు లేక చదువు.

వీడియోల అమ్మ బతుకమ్మను చూపెట్టింది. తంగేడు, గునుగు, బంతి, పైన గౌరమ్మ. ఇథియోపియా పిల్ల నా భుజం మీదికెళ్లి వంగి చూసి, తన ఫోన్ తీసింది. వాళ్ల ఒరోమో జాతోళ్ల పండుగ ఇరేచా మొన్ననే, శని, ఆదివారాలే. పచ్చగడ్డి, పసుపు పూలు పట్టుకొని జనమంతా చెరువు కాడికి పోతరు, పూలను నీళ్లకు తాకిచ్చి దండం పెడ్తరు. నేను ఇంటి తంగేడు పూలు చూపెడితే ఆమె ఆ పసుపు పూలు చూపెట్టింది. ఒడ్డున మాకు దొరికిన పసుపు పూలు ఎండిపోబట్టినయి, వాటినే రెండు రెమ్మలు తెంపినం.

అమ్మ ఫోన్‌ను నాయినమ్మకు ఇచ్చింది. స్క్రీన్ నిండ ఆమె చెవే కనపడ్డది.

"బిడ్డా, తిన్నవా?"

"తిన్న నాయినమ్మా."

"నీళ్లెట్లున్నయే ఆడ?"

"మంచిగున్నయి. నల్లా నీళ్లే తాగుతున్న."

కొంచెంసేపు వెనక చప్పట్లే వినపడ్డయి. "నల్లా నీళ్లా," అన్నది నాయినమ్మ. ఇంకేదో అడగబోయింది, అమ్మ ఫోన్ గుంజుకున్నది, సద్దులు పంచాల్నట.

మన పేరు ఆఫ్రికాల నీళ్ల ట్యాంకుకు పెట్టిండ్రని నాయినమ్మకు చెప్పనీకి ఇంకో నాలుగు రోజులు పట్టింది. "అయితే మనకెందుకు పెట్టలే?" అన్నది.

మంగళవారం పొద్దున ఏడింటికి షాపు తెరవంగనే పోయిన. బియ్యం, పెరుగు, ఉల్లిగడ్డలు కొని, అలవాటు కొద్ది ఆరు నీళ్ల సీసాల కట్ట కూడా ఎత్తుకొచ్చిన. ఇథియోపియా పిల్ల చూసి తల పట్టుకున్నది. సీసాకు ఇరవై ఐదు సెంట్లు డిపాజిట్, ఖాళీవి తిరిగి మెషీన్‌ల వేస్తే ఇస్తది. వారం తర్వాత వేస్తే ఒకటిన్నర యూరోకు చీటీ వచ్చింది. మొదటి రోజు మర్చిపోయిన ఉప్పు ఆ పైసలతోనే కొన్న.