ద్రవ హీలియంలో రుబీడియం కోసం: నా అనుభవం

జపాన్‌లో పరిశోధకుడిగా చేరిన మొదటి వారంలో నాకు అప్పగించిన పని వినడానికి చాలా సులువుగా అనిపించింది. ద్రవ హీలియంలో ఉన్న రుబీడియం పరమాణువులపై లేజర్ ప్రసరింపజేసి, అవి తిరిగి వెలువరించే కాంతిని లెక్కపెట్టాలి. వాకో నగరంలోని రికెన్ పరిశోధన సంస్థలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని ఒరోచి అంటారు. జపాన్ పురాణగాథల్లోని ఎనిమిది తలల మహాసర్పం పేరు కూడా అదే. త్వరణయంత్రాల్లో అతి తక్కువ సంఖ్యలో పుట్టి, త్వరలోనే క్షయమైపోయే కేంద్రకాల స్పిన్‌ను (కణానికి సహజంగా ఉండే భ్రమణ లక్షణం), అయస్కాంత భ్రామకాన్ని (చిన్న అయస్కాంతంగా దానికున్న బలం) కొలవడం దీని ఉద్దేశం.

ఇక్కడ హీలియం రెండు పనులు చేస్తుంది. కాంతివేగంలో మూడోవంతుకు పైగా వేగంతో దూసుకువచ్చే అయాన్లను అడ్డుకొని, తటస్థ పరమాణువులుగా మార్చి తనలో నిలుపుకోవడం మొదటిది. రెండోది నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. రుబీడియం బయటి ఎలక్ట్రాన్, తన చుట్టూ ఉన్న హీలియం పరమాణువులను దూరంగా నెట్టివేయడం వల్ల పరమాణువు ఒక చిన్న బుడగలో కూర్చుంటుంది. ఆ బుడగ ఇరుకుగా ఉన్నప్పుడు కాంతిని పీల్చుకోవాలంటే ఎక్కువ శక్తి కావాలి. అందువల్ల శూన్యంలో 795 నానోమీటర్ల వద్ద జరగవలసిన శోషణ 780 దరిదాపులకు జరుగుతుంది. శోషణ తరువాత బుడగ విప్పారుతుంది, వెలువడే కాంతి మాత్రం సుమారు 793 వద్దనే వస్తుంది. లేజర్ రంగు ఒకటి, జవాబు రంగు మరొకటి కావడంతో, గోడలకూ కిటికీలకూ తగిలి చెదిరే లేజర్ కాంతిని ఫిల్టర్‌తో ఆపివేసి, పరమాణువుల కాంతిని మాత్రమే ఫోటోమల్టిప్లయర్‌కు (అతి మందమైన కాంతిని కూడా పట్టే పరికరం) పంపవచ్చు. కొద్దిపాటి పరమాణువులతో పని చేయవలసిన వారికి ఇంతకు మించిన వరం లేదు.

బీమ్‌టైమ్, అంటే త్వరణయంత్రపు కణపుంజాన్ని వాడుకునే సమయం, కొద్ది రోజులే దొరుకుతుంది కనుక, అంతకు ముందు నెలల తరబడి మా ప్రయోగశాలలో స్థిర రుబీడియంతోనే సాధన చేశాము. హీలియం ఉపరితలానికి పైన ఉంచిన నమూనాను లేజర్ పల్స్‌తో కొట్టి పరమాణువులను కిందికి దింపాలి. అవి గుంపులు కట్టి దిగితే మరో పల్స్‌తో విడగొట్టాలి. హీలియంను అతిచల్లగా ఉంచే పాత్ర అయిన క్రయోస్టాట్‌లోని ఆవిరిని పంపుతో లాగుతూ పోతే ద్రవం తుకతుక ఉడుకుతుంది. 2.17 కెల్విన్ దాటి కిందికి దిగిన క్షణంలో ఆ బుడగలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, ద్రవం అద్దంలా నిశ్చలమవుతుంది. అలా మారిన హీలియంను అతిద్రవం అంటారు; అందులో వేడి ఎంత త్వరగా పాకుతుందంటే, ఒకచోట బుడగ పుట్టే అవకాశమే ఉండదు. ఎన్నిసార్లు చూసినా, ఆ క్షణంలో కిటికీ దగ్గరికి వెళ్ళకుండా ఉండలేకపోయేవాణ్ణి.

నన్ను ఆరు వారాలు ఏడిపించింది మరో చోట ఉంది. వృత్తాకార పోలరైజేషన్ ఉన్న (కాంతి కంపన దిశ గుండ్రంగా తిరిగే) లేజర్‌ను ప్రసరింపజేస్తే పరమాణువుల స్పిన్‌లు ఒకే దిశకు చేరుతాయి. అలా చేరినవి ఇక ఆ కాంతిని పీల్చుకోలేవు కాబట్టి వెలుగు తగ్గిపోవాలి. హీలియం-4 కేంద్రకానికి స్పిన్ లేకపోవడం వల్ల, అలా సర్దుకున్న స్పిన్‌లు త్వరగా చెదరవు కూడా. కానీ నా తెరపై వెలుగు తగ్గలేదు. అయస్కాంత క్షేత్రాన్ని అనుమానించాను, లేజర్ శక్తిని అనుమానించాను, చివరికి రుబీడియాన్నే అనుమానించాను. తప్పు నాదే. పోలరైజేషన్‌ను క్రయోస్టాట్ బయట కొలిచి సంతృప్తి చెందానే గాని, చల్లబడిన కిటికీ గాజు ఒత్తిడికి లోనై దానిని వంకర చేస్తున్నదని ఊహించలేదు. లోపలికి కొలత పరికరం పంపే దారి లేకపోవడంతో పరమాణువులనే కొలమానంగా పెట్టుకున్నాము. లోపలి వెలుగు అత్యల్పమయ్యేదాకా, పోలరైజేషన్‌ను మార్చే పలకలైన వేవ్ ప్లేట్లను రెండింటిని వరుసగా అమర్చి, కొద్దికొద్దిగా తిప్పుతూ పోయాము. తెల్లవారుజామున తెరపై వెలుగును చూపే గీత కిందికి జారింది.

వాకోలో బీమ్ రోజులు అంత కష్టంగా గడవలేదు. అయాన్లు లేజర్ పుంజం ఉన్న చోటనే ఆగేలా అల్యూమినియం పలకల మందం మారుస్తూ ఒక పూట గడిపాము. బీమ్ తగిలినప్పుడు హీలియం కూడా వెలుగుతుంది గనుక, ఏది దేని కాంతో తేల్చుకోవడానికి మరికొంత సమయం పట్టింది. ముందుగా రుబీడియం-87 తీసుకున్నాము. దాని స్పిన్ 3/2 అని తెలుసు. ఒక గాస్ (అయస్కాంత క్షేత్రపు కొలమానం) క్షేత్రంలో 0.70 మెగాహెర్ట్జ్ వద్ద రేడియో తరంగం వేస్తే సర్దుకున్న స్పిన్‌లు చెదిరి వెలుగు మళ్ళీ పెరగాలి, పెరిగింది కూడా. ఆ తరువాత 33 రోజుల అర్ధాయువు గల రుబీడియం-84 వంతు వచ్చింది. అదే క్షేత్రంలో అనునాదం వచ్చే చోటు, అంటే వెలుగు మళ్ళీ పెరిగే రేడియో పౌనఃపున్యం, స్పిన్‌కు రెట్టింపు కంటే ఒకటి ఎక్కువైన సంఖ్యతో విలోమంగా మారుతుంది కాబట్టి, స్పిన్ 2 అయితే 0.56 వద్ద కనిపించాలి. లెక్కింపు కొన్ని గంటలు సాగాక, సరిగ్గా అక్కడే ఒక చిన్న గుబ్బ లేచింది. పక్కన కూర్చున్న సహచరుడు మాట్లాడకుండా తన కాగితంపై 0.56 చుట్టూ సున్నా చుట్టాడు. నేను లాగ్‌బుక్ తెరిచి, ముందుగా రెండు వేవ్ ప్లేట్ల కోణాలు రాసుకున్నాను.