కిడ్నీ పేషెంట్ల టాబ్లెట్‌కీ నా లంగ్స్‌కీ ఏంటి సంబంధం

2021 మే, కోవిడ్ సెకండ్ వేవ్ పీక్. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 84 చూపిస్తుంటే నేనేమో ఫోన్లో మాట్లాడుతూ ఇడ్లీ తింటున్నా, ఆయాసం లేదు ఏం లేదు. మెషిన్ పాడైందేమోనని మా తమ్ముడు తన వేలికి పెట్టుకుంటే 98. వాడి మొహం అప్పుడు చూడాలి. ఆయాసం ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వస్తుందంట, ఆక్సిజన్ ఒక్కటే తగ్గితే చాలామందికి తెలీదని డాక్టర్ తర్వాత చెప్పారు.

ఏఆర్‌డీఎస్ అన్నారు, అంటే గాలి తిత్తుల గోడలు దెబ్బతిని లోపలికి నీరు చేరడం. సంచి ఉన్న మాస్క్, తర్వాత ముక్కులోకి జోరుగా ఆక్సిజన్ పంపే హై ఫ్లో, స్టెరాయిడ్, బోర్లా పడుకోవడం. బోర్లా అంటే కాసేపే అనుకున్నా, గంటలు గంటలు, మెడ పట్టేసి, ముక్కులో వేడి గాలి హోరుమంటూ, పక్క బెడ్ మానిటర్ మోగితే నాదేనేమో అని గుండె ఆగినంత పని. వెంటిలేటర్ దాకా పోలేదు, అదృష్టం. స్టెరాయిడ్ పక్కన పెడితే మిగతావన్నీ లంగ్స్ వాటంతటవే కోలుకునేదాకా మనిషిని కాపాడేవే.

ఇంటికొచ్చాక కొన్నాళ్లకి డయాలసిస్‌కెళ్లే మా పెద్దమ్మకి రక్తం తక్కువుందని డెసిడుస్టాట్ రాశారు, 2022లో మన దగ్గర అనుమతి వచ్చిన మందు. అదేంటని చదివితే మతిపోయింది. మన కణాల్లో హిఫ్ అనే ప్రోటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, ఆక్సిజన్ బాగుంటే ఒక ఎంజైమ్ దానికి గుర్తేసి నాశనం చేయిస్తుంది, ఆక్సిజన్ తగ్గితే అది మిగిలి, తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొచ్చే జీన్స్‌ని ఆన్ చేస్తుంది. ఇది కనిపెట్టినందుకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకి నోబెల్ ఇచ్చారు. ఈ టాబ్లెట్ ఆ ఎంజైమ్‌ని ఆపుతుంది, దాంతో హిఫ్ మిగిలి ఒంట్లో రక్తం పెరుగుతుంది.

ఎలుకల్లో ఇదే దారి లంగ్స్ వాపుని తగ్గించి గాలి తిత్తుల్ని కాపాడిందంట, అందుకే అమెరికాలోని హ్యూస్టన్‌లో ఇదే రకం మందు వాడాడుస్టాట్‌ని కోవిడ్ పేషెంట్లకి ఇచ్చి చూశారు, కానీ కచ్చితంగా పనిచేస్తుందని తేలలేదు. పైగా ఈ రకం మందులతో రక్తం గడ్డకట్టే రిస్క్ ఉంది, కోవిడ్‌లో అసలు భయమే అది కదా. అయినా నాకు ఆలోచన నచ్చింది, బయట నుంచి ఆక్సిజన్ తోయడమే కాకుండా లోపల ఉన్న ఏర్పాటునే లేపడం.

నాకూ ఇస్తారా అని పల్మనాలజిస్ట్‌ని అడిగితే ఆయన నవ్వి, నీకు మందు కాదు నడక కావాలన్నారు. మొన్న వాక్ టెస్ట్‌లో సాచురేషన్ 95 కిందకి పడలేదు. పెద్దమ్మ హిమోగ్లోబిన్ కూడా 10 దాటింది.