కమిటీలో మా మరిది పేరు

2023 ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే పంచాయతీ కారోబార్ మా ఇంటికొచ్చి ఒక కాగితం ముందు పెట్టాడు. 'అక్కా, మీ మరిది సంతకం మీరే పెట్టుండ్రి' అన్నాడు.

మా మరిది సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తాడు. దసరాకో, ఎవరైనా పోతేనో ఊరికొస్తాడు. కాగితంలో మాత్రం ఆయన జీవవైవిధ్య యాజమాన్య కమిటీ సభ్యుడు. ఊరి చెట్లు, చేపల వివరాలుండే రిజిస్టర్ సరిగ్గా ఉందని సభ్యులంతా ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. మహిళా సంఘాల లెక్కలు రాసేదాన్ని, చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. చదివాక పెట్టబుద్ధి కాలేదు.

మాది పరకాల దగ్గరి ఊరు. మర్నాడు పంచాయతీకి పోయి తీర్మానాల పుస్తకం అడిగాను. 2020 జనవరి నాటి తీర్మానం. ఏడు పేర్లు, ఏడు సంతకాలు, ఒకటే చేతిరాత. ఆడమనిషి ఒక్కతే, ఆమె వార్డు మెంబరు అత్త. దేశమంతా ఈ కమిటీలు ఆ నెల 31లోగా వేయాలని, లేకుంటే రాష్ట్రాలు నెలకు 10 లక్షలు కట్టాలని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. గడువు మీదికొస్తే పేర్లు ఎట్లా పుట్టుకొస్తాయో సంఘాల్లో నేనూ చూశాను. అందుకే గట్టిగా అనలేకపోయాను.

సెక్రటరీ కొత్తగా వచ్చిన పిల్లగాడు. 'ఉత్త పేరుకే కదక్కా' అన్నాడు. ఉత్త పేరు కాదు. ఊరి హద్దుల్లోంచి ఆకులు, వేర్లు, బెరళ్లు వ్యాపారానికి తీసుకుపోయేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేసే అధికారం 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఈ కమిటీకి ఇచ్చింది. ఊళ్లో ఏ చెట్టుంది, ఏ చేపుందీ రిజిస్టర్ రాయించాల్సిందీ ఇదే. 'మన చెరువుల ఏం చేపలున్నయో సూరత్‌ల ఉన్నోడు ఏం చెప్తడు తమ్మీ' అంటే నవ్వాడు. కొత్త తీర్మానానికి సరేనన్నాడు.

అసలు లొల్లి అంకెల దగ్గరొచ్చింది. అప్పటి నిబంధనల ప్రకారం అధ్యక్షుడు కాక ఆరుగురికి మించకూడదు. వాళ్లలో ఆడవాళ్లు మూడోవంతుకు తగ్గొద్దు. అంటే ఇద్దరు, దానికి ఎవరూ అడ్డం రాలేదు. ఎస్సీ, ఎస్టీలు 18 శాతానికి తగ్గొద్దు. ఆరుగురిలో 18 శాతమంటే 1.08, కాబట్టి ఒక్కరు చాలన్నాడు సెక్రటరీ. ఫోన్ తీసి ఆరింట ఒకటి ఎంత శాతమో కొట్టి చూపించాను. 16.66. తగ్గింది కదా మరి! 'పాయింటు సున్నా ఎనిమిదికి నిండు మనిషిని ఇయ్యాల్నా వదినా?' అన్నాడు ఉపసర్పంచ్. ఇయ్యాల్నే. అరగంట పట్టింది గానీ ఆ రెండో చోటు దక్కింది.

అక్కడికి మా నీరటి తాత పేరు చెప్పాను. చెరువు తూము ఎత్తుడు, దించుడు వాళ్ల నాయిన కాలం నుంచీ ఆ ఇంటి పనే. 'నాకు సదువు రాదు బిడ్డా, కమిటీల నేనేం జేస్త' అన్నాడు. చెరువులో చేపల పేర్లు చెప్పు చాలన్నాను. కొర్రమట్ట, జెల్ల, పరక అంటూ వేళ్లు మడుస్తూ పోయి, మడిచిన వేలు ఒకటి మళ్లీ తెరిచాడు. 'గుర్రపుడెక్క అల్లుకున్నంక పరకలు కండ్లవడుతలెవ్వు. రాస్తరా, వద్దా?' అన్నాడు. కారోబార్ తెచ్చిన రిజిస్టర్‌లో మా చెరువు పేరే తప్పుంది, పరకల సంగతి ఎవరికి కావాలి?

గ్రామసభలో అందరూ అడిగింది జీతమెంత, లోనొస్తదా అనే. ఏమీ రావనగానే ముగ్గురు తమ పేర్లు తీసెయ్యమన్నారు. మంచిదే అయింది, పసరు మందిచ్చే అవ్వకు జాగా దొరికింది. ఆమె పేరు ఆధార్‌లో ఒకటి, ఓటరు జాబితాలో ఇంకొకటి. అది సరిచేయించడానికి మీసేవ చుట్టూ రెండుసార్లు తిరిగాం.

తీర్మానం చదివిన రాత్రి సూరత్ నుంచి ఫోనొచ్చింది.

'వదినా, నన్ను ఏదో కమిటీలకెళ్లి తీసేసిండ్రట?'

'నువ్వు అండ్ల ఉన్నవని నీకెరుకేనా?'

'తీసేసిండ్రన్నంకనే ఎరుకైంది.'