56 ఏపీవో

రైల్లో పలాస దాటేదాకా నిలబడే వచ్చాను. మందస రోడ్డులో సీటు దొరికింది, కిటికీలోంచి మహేంద్రగిరి కనిపించింది. సోంపేటలో దిగాను. స్టేషన్ పేరు సోంపేటే గానీ అది ఉన్నది కంచిలిలో. తెలియనివాళ్లు దిగి ఊరెక్కడని వెతుక్కుంటారు. అక్కడినుంచి ఆటో. 2018లో తిత్లీ తుఫాను కొట్టిన దెబ్బ ఉద్దానం తోటల్లో ఇంకా తెలుస్తోంది. పాత కొబ్బరిచెట్ల మధ్య ఖాళీల్లో కొత్త మొక్కలు.

"అల్లుడా, ఒచ్చీసినావా?" అంది అత్త అరుగు మీంచే.

మామ పోయి మూడేళ్లు. పెన్షన్ కాగితాలేవో కావాలని పిలిచింది. మంచం కిందనుంచి ఆయన మిలిటరీ ట్రంకు పెట్టె లాగాం. నల్ల రంగు, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. కాగితాలు పది నిమిషాల్లో దొరికాయి. అడుగున కొబ్బరితాడుతో కట్టిన ఉత్తరాల కట్ట ఉంది. ఆ రోజుకి ఇక వేరే పని జరగలేదు.

1987 జూలైలో భారత్-శ్రీలంక ఒప్పందం కుదిరాక మన సైన్యం శాంతి పరిరక్షక దళంగా అక్కడికెళ్లింది. అక్టోబరుకల్లా అదే సైన్యం జాఫ్నాలో ఎల్టీటీఈతో యుద్ధంలో పడింది. వేరే దేశపు అంతర్యుద్ధంలో మనవాళ్లు దాదాపు 1,200 మంది పోయారు. మామ అక్కడే ఉన్నాడు. అప్పట్లో నేను అమ్మమ్మ ఇంట్లో ఉండి ఆరో తరగతి చదివేవాణ్ణి. అత్తకి చదువు రాదు కాబట్టి వచ్చిన ఉత్తరం చదవడం, జవాబు రాయడం నా డ్యూటీ.

అడ్రసులో ఊరు ఉండేది కాదు. నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు, అంతే. యూనిట్ ఎక్కడుందో బయటపడకూడదని అన్నీ ఢిల్లీ బేస్ పోస్టాఫీసుకి వెళ్లి అక్కడ విడిపోతాయి. నాకేం తెలుసు? ఏపీవో అంటే ఊరనుకుని స్కూల్లో అట్లాసంతా గాలించాను. మామ ఉత్తరం మీద ముద్రలోనూ ఫీల్డ్ పోస్టాఫీసు నంబరే ఉంటుంది.

ఒక్కొక్కటే విప్పి చదివాను. యుద్ధం ఎక్కడా లేదు. జీడితోట పాలికిచ్చావా, పెద్దదాని ఫీజు కట్టావా, ఆవు ఈనిందా. నా గుండ్రటి అక్షరాల్లో మా జవాబులూ ఉన్నాయి, మామ అన్నీ దాచి తెచ్చుకున్నాడు. "అందరం కులాసా" అని రాసిన ఉత్తరం చూసి నవ్వొచ్చింది. ఆ రోజు చిన్నదానికి ఒళ్లు కాలిపోతోంది. "జొరం సంగతి రాయకు" అని అత్త నా చెయ్యి పట్టుకుంది.

తేదీల వరసలో పెడితే ఒకచోట ఖాళీ వచ్చింది. అక్టోబరు మొదటి వారం తర్వాత నవంబరు చివరి దాకా ఏమీ లేదు. ఆ ఏడు దీపావళి ఆ మధ్యలోనే. పొద్దున్న రేడియో వార్తలయ్యేదాకా అత్త పొయ్యి వెలిగించేది కాదు. సైకిలు బెల్లు వినిపిస్తే పోస్టుమాన్‌కి ఎదురెళ్లేదాన్నని ఇప్పుడు చెప్పింది. ఆ సంగతి నాకు గుర్తే లేదు.

ఖాళీ తర్వాత వచ్చిన నీలం ఇన్‌లాండ్ లెటర్ అంచు చిరిగి ఉంది. మామ జిగురు అంటించే మడత దాకా రాసేవాడు. ఆత్రంలో అత్త తలపిన్నుతో చింపితే ఒక వరస రెండుగా చీలిపోయింది. పైముక్క లేదు. అక్షరాల కింది సగాలే మిగిలాయి. ఒత్తులు కనిపిస్తున్నాయి, మాట తెలియడం లేదు. అప్పుడూ నేను చదవలేకపోయాను.

"మామని అడగలేదా అత్తా?"

"అడక్కేటి. సెలవుకి ఒచ్చిన రోజే అడిగినాను. ఏటో రాసుంటాన్లే అన్నాడు. మళ్లీ అడిగితే ఆవుకి కుడితి పెట్టాలని లేచి ఎల్లిపోనాడు."

కట్టకి మళ్లీ తాడు చుట్టింది. ఆ ఒక్కటీ మాత్రం పైన పెట్టింది.