గిబియోనులో రెండుసార్లు

గత సంవత్సరం ఆనందపురం వైపు రెండు వందల గజాల స్థలం కొనదలచినప్పుడు నేను ప్రార్థన చేయలేదని చెప్పలేను. అయితే మధ్యవర్తి చూపిన లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆ స్థలంపై నమోదైన లావాదేవీల ధ్రువపత్రం), కొత్తగా సున్నం కొట్టిన సరిహద్దు రాళ్లు చూసి, లక్ష రూపాయలు బయానా ఇచ్చి విశాఖకు తిరిగివచ్చిన రాత్రి చేశాను. అప్పటికే రాసుకున్న కాగితం మీద దేవుని చేత సంతకం పెట్టించుకోవడానికి చేసిన ప్రార్థన అది.

యెహోషువ గ్రంథం 9వ అధ్యాయంలో గిబియోను పట్టణస్థులైన గిబియోనీయులు ఇశ్రాయేలుతో సంధి కోసం దూరదేశస్థులమని నటిస్తూ ఎండి బూజు పట్టిన రొట్టెలు, మాసికలు వేసిన చెప్పులు, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు తెచ్చి చూపించారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ ఆహారంలో కొంత పుచ్చుకున్నారు గానీ యెహోవాను అడగలేదు. వారిని బ్రతకనిస్తామని సంధి చేసి ప్రమాణం చేసిన మూడు దినాలకు వారు పొరుగువారేనని తెలిసింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఏమిటంటే, ఆ రొట్టెలకు పట్టిన బూజు నిజమైనదే. నా చేతిలోని కాగితాలూ అలాంటివే.

వారం తరువాత పాతనగరంలో జరిగిన గృహ ప్రార్థనకూడికలో, రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, "బాబూ, ఆ సర్వే నంబరు 22-ఏ జాబితాలో ఉందేమో చూశావా?" అని అడిగారు. రిజిస్ట్రేషన్ చేయకూడని ప్రభుత్వ, దేవాదాయ భూముల వంటివి ఆ జాబితాలో ఉంటాయి. నాకు కోపం వచ్చింది. జవాబు అనేది ధ్యానంలోనో వాక్యంలోనో రావాలి గానీ, టీ గ్లాసు పట్టుకున్న మనిషి నోట ప్రశ్నగా వస్తుందని నేను అనుకోలేదు. రెండు రోజులు ఆలస్యం చేసి చూస్తే ఆ నంబరు అందులో ఉంది. బయానా తిరిగి రాలేదు.

సొలొమోను జ్ఞానం అడిగినది కూడా గిబియోనులోనేనని (1 రాజులు 3) ఆ తరువాతే గమనించాను. మన బైబిలులో "వివేకముగల హృదయము" అని చదువుకునే మాటకు హెబ్రీలో వినే హృదయం అని అర్థం. పైనుండి వచ్చే జ్ఞానం "సులభముగా లోబడునది" అని యాకోబు 3:17 చెబుతుంది. దేవుడు గద్దింపక ధారాళంగా ఇస్తాడన్న 1:5ను మనం ఇష్టంగా కంఠస్థం చేస్తాం. 3:17 దగ్గర అంతసేపు ఆగం. "దేవుడు నాతో చెప్పాడు" అని ప్రకటించి ఇక ఎవరి మాటా విననివారిని మా కూడికల్లో చూశాను, నేనూ అలా మాట్లాడాను. అది విశ్వాసమని ఇప్పుడు నాకు తోచడం లేదు.

ప్రస్తుతం బెంగళూరు బదిలీకి ఒప్పుకోవాలా, అమ్మను చూసుకుంటూ ఇక్కడే ఉండాలా అన్నది తేల్చుకోవాలి. ఆఫీసుకు ఇంకా ఏ మాటా ఇవ్వలేదు. ఆదివారం ఆరాధన తరువాత ఆ పెద్దాయన ఇంటికి అమ్మను కూడా తీసుకుని వెళుతున్నాను.