డాక్టరు పేరు గడి

మంగళవారం, రాత్రి 11

మందుల షాపు కట్టేసి వచ్చేసరికి పదిన్నర. అన్నం తిన్నాను గానీ రుచి తెలియలేదు.

సాయంత్రం వానలో ఓ ఆటో అతను వచ్చాడు. ఏడేళ్ల పాపకి నిన్నట్నుంచి జలుబు, జ్వరం. "పోయిన నెల వాడిన సెఫిక్సిమే ఇచ్చేయండి సార్. డాక్టరు దగ్గరికెళ్తే చూసినందుకే 300." చీటీ లేదు. ఇవ్వనన్నాను. అది యాంటీబయాటిక్కనీ, జలుబుకి పనిచెయ్యదనీ, ఊరికే వాడితే రేపు అవసరమైన రోజున క్రిములు మందుకి లొంగవనీ, షీటు మీద ఎర్రగీత అందుకేననీ చెప్పాను. పారాసిటమాల్ సిరప్ పట్టుకుని, తలూపి, తిన్నగా రోడ్డు దాటి ఎదురు షాపులోకి వెళ్లాడు! "నువ్వివ్వకపోతే వాడిస్తాడు. పోయింది మన బేరమే" అన్నారు ఓనరుగారు. నేను పలకలేదు. లోపల కాస్త గర్వంగానే ఉంది, దాచడమెందుకు.

ఎనిమిదింటికి మామ్మగారొచ్చారు. మడతల దగ్గర చిరిగిన చీటీ. నిద్రకి అల్ప్రాజోలం 0.25, పడుకునే ముందు ఒకటి. తాతగారు పోయినప్పుడు రాసింది, రెండేళ్లయింది. ఆ డాక్టరుగారు ఊళ్లోనే లేరిప్పుడు. ఇన్నాళ్లూ ఎవరిచ్చారో అడగలేదు. "బిళ్ళలైపోయి రెండ్రాత్రులైంది నాయనా, కన్ను మూతపడలేదు" అంటూ చేతులు చాపారు. వణుకుతున్నాయి. ఏళ్ల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చని చదువుకున్నవాణ్ణే. నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇచ్చాను. గురువారం పెద్దాసుపత్రి ఓపీకి నేనే తీసుకెళ్తానన్నాను.

ఈ రెండు మందులూ ఉన్నది ఒకే జాబితాలో. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా, షెడ్యూలు హెచ్1, 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, ఎన్ని బిళ్ళలు, అన్నీ విడి రిజిస్టరులో ఎక్కించి 3 ఏళ్లు దాచాలి. ఆటో అతనికి అప్పజెప్పిన రూలు మామ్మగారి దగ్గర నోట్లోంచి రాలేదే! ఒకటి మొదలెడితే చేటు, ఇంకోటి ఆపితే చేటు, నిజమే. కానీ పాప జ్వరం నేను చూడలేదు, మామ్మగారి చేతులు చూశాను. అసలు తేడా అక్కడే ఉందేమో.

"డాక్టరు గడి ఖాళీగా వదిలేశావేం? మేడ మీద డాక్టరుగారి పేరు రాసెయ్, ఆయనేమీ అనుకోరు. ఇన్‌స్పెక్టరొస్తే ఏం చెప్తావ్?" అన్నారు ఓనరుగారు. పెన్ను తీశాను. ఇచ్చింది నేను, ఆయన పేరెందుకు? "పాత చీటీ" అని రాసి, దాని తేదీ వేసి, కింద సంతకం పెట్టాను. ఆయన ఏమీ అనకుండా షట్టరు లాగారు.

గురువారం పొద్దున సెలవు కావాలి. రేపు ఏ మొహంతో అడగాలో.